పాతికమంది పిల్లలకి ఒక్క అమ్మ

ఒక రొట్టె, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, ఇంట్లో నేసిన ఉన్ని కంబళి. అన్నీ మూటగట్టి పెద్దపిల్లాడి భుజానికి తగిలించింది తల్లి. చిన్నదాని చేయి తీసి వాడి చేతిలో పెట్టింది. "చెల్లిని వదలకు. కొద్ది రోజులే... మళ్లీ వచ్చేస్తారు" అంది. ఊరి చివరిదాకా వెంట వచ్చింది. అక్కణ్నుంచి చీకట్లో కనిపించినంతసేపూ చూస్తూ నిలబడింది.

ఆ కొద్ది రోజులు కొందరికి ఆరేళ్లయ్యాయి. కొందరికి నలభై ఏళ్లు. కొందరికి అసలు పూర్తి కానే లేదు.

అది 1948 మార్చి. గ్రీసు దేశానికి ఉత్తరాన, యుగోస్లావియా, అల్బేనియా సరిహద్దులకి ఆనుకుని ఉన్న కొండపల్లెలు. ఆ పల్లెల్లో ఎక్కువమంది మాసిడోనియన్లు. ఇలాంటి వీడ్కోళ్లు ఆ వసంతకాలంలో ఒక ఇంటా రెండిళ్లా కాదు, ఊళ్లకి ఊళ్లే చూశాయి. మూడేళ్ల పసివాళ్ల దగ్గర్నుంచి పద్నాలుగేళ్ల వాళ్ల దాకా సుమారు 28 వేలమంది పిల్లలు అమ్మానాన్నల్ని వదిలి సరిహద్దులు దాటారు. వాళ్లలో సగానికి పైగా మాసిడోనియన్ పిల్లలు. మిగిలినవాళ్లు గ్రీకు పిల్లలు. మాసిడోనియన్లు వీళ్లని "దెత్సా బెగల్త్సి" అంటారు. శరణార్థి పిల్లలు అని అర్థం. ఇప్పుడు వాళ్లలో బతికున్నవాళ్లకి ఎనభై దాటిపోయింది. మనవలు, మునిమనవలు కూడా ఉన్నారు. అయినా ఆ పేరు మాత్రం మారలేదు. ఎనభై ఏళ్ల ముసలమ్మని పట్టుకుని "శరణార్థి పాప" అనడం ఆ ఒక్క భాషలోనే ఉందేమో!

అలెగ్జాండర్ సంగతి కాదు

మాసిడోనియా అనగానే మనకి స్కూలు పుస్తకంలో అలెగ్జాండర్, పురుషోత్తముడు గుర్తొస్తారు. ఈ కథకీ ఆయనకీ సంబంధం లేదు. ఇది రెండువేల ఏళ్ల తర్వాతి మాట. వీళ్లు మాట్లాడేది స్లావ్ కుటుంబానికి చెందిన భాష. సెర్బియన్‌కీ బల్గేరియన్‌కీ దగ్గరగా ఉంటుంది. అలెగ్జాండర్ ఎవరివాడు అన్న తగవు మాత్రం గ్రీసుకీ వీళ్లకీ మధ్య చాలా ఏళ్లే నడిచింది. దాని సంగతి చివర్లో చూద్దాం.

ఐదు వందల ఏళ్లకి పైగా టర్కీ సుల్తానుల కింద ఉన్న మాసిడోనియా ప్రాంతం కోసం 1912, 1913లలో రెండు యుద్ధాలు జరిగాయి. 1913 ఆగస్టులో బుకారెస్ట్‌లో ఒప్పందం కుదిరింది. ఆస్తి పంపకాల్లా మూడు ముక్కలయింది ఆ నేల. సగం గ్రీసుకి, చిన్న ముక్క బల్గేరియాకి, మిగిలింది సెర్బియాకి. పంచుకున్నవాళ్లు ఆ నేలమీద ఉన్నవాళ్లని ఏమీ అడగలేదు. అక్కచెల్లెళ్లని ఇచ్చిన ఊళ్లు వేరే దేశాలైపోయాయి. సెర్బియాకి వెళ్లిన ముక్కే తర్వాత యుగోస్లావియాలో ఒక రిపబ్లిక్ అయింది. 1991లో స్వతంత్ర దేశమైంది. 2019 నుంచి దాని పేరు ఉత్తర మాసిడోనియా. రాజధాని స్కోపియే. మదర్ థెరెసా 1910లో పుట్టింది ఆ ఊళ్లోనే. అయితే ఆమెది అల్బేనియన్ కుటుంబం.

మన కథ గ్రీసు వాటాలోకి వచ్చిన ముక్కది. అక్కడ మాసిడోనియన్ భాష ఉందని ఒప్పుకోవడమే ప్రభుత్వానికి ఇష్టం లేకపోయింది. 1920లలో ఊళ్ల పేర్లు మార్చేశారు. లెరిన్ అనే ఊరు ఫ్లోరినా అయింది. కోస్తుర్ కస్టోరియా అయింది. వోదెన్ ఎదెస్సా అయింది. మనుషుల పేర్లకీ గ్రీకు తోకలు తగిలించారు. 1925లో ఈ పిల్లల కోసమని ఏథెన్స్‌లో ఒక వాచకం అచ్చువేశారు గానీ బడిలో ఒక్కరోజు కూడా దాన్ని తెరవలేదు. 1936లో మెటాక్సాస్ నియంతృత్వం వచ్చాక పరిస్థితి ఇంకా ముదిరింది. బజార్లో మాసిడోనియన్ మాట నోరు జారితే జుర్మానా. కొన్నిచోట్ల బలవంతంగా ఆముదం తాగించారు.

ఇందులో ఎక్కువ నలిగిపోయింది ఆడవాళ్లే. మగవాళ్లు సంతకీ సైన్యానికీ వెళ్లి ఎంతో కొంత గ్రీకు నేర్చుకున్నారు. ఇల్లూ పొలమూ దాటని అమ్మమ్మలకీ నాయనమ్మలకీ వచ్చింది ఒక్కటే భాష. ఆ భాషే నేరమైతే ఇక వాళ్లు నోరు ఎక్కడ విప్పాలి? ముసలివాళ్ల కోసం రాత్రిబళ్లు పెట్టి గ్రీకు అక్షరాలు దిద్దించారట. ఆముదంలాగే చదువునీ బలవంతంగా తాగించడమంటే ఇదే మరి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆ పల్లెల పక్కనే ప్రభుత్వం తెచ్చి కాపురం పెట్టించిన గ్రీకు కుటుంబాలు కూడా సుఖంగా వచ్చినవి కావు. 1923లో టర్కీ, గ్రీసు జనాల్ని మార్చుకున్నప్పుడు పన్నెండు లక్షలమందికి పైగా గ్రీకు క్రైస్తవులు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని గ్రీసు చేరారు. అటునుంచి లక్షలాది ముస్లింలు టర్కీ వెళ్లాల్సి వచ్చింది. అంటే ఒక శరణార్థి పక్కింట్లో రేపటి శరణార్థి!

మిర్కా అనే పంతులమ్మ

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, ఇటలీ, బల్గేరియా గ్రీసుని పంచుకుని ఆక్రమించాయి. వాటిమీద కొండల్లో పోరాడినవాళ్లలో ఎక్కువమంది వామపక్షం వైపు ఉన్నారు. మాసిడోనియన్లు కూడా పెద్ద సంఖ్యలో వాళ్లతో చేరారు. వాళ్ల ఇష్టం వెనక సిద్ధాంతం కంటే ఒక మామూలు ఆశ ఉంది. మా భాషలో బడి, మా పేరు మాకు ఉంటే చాలని. జర్మన్లు వెళ్లిపోయాక గ్రీకులు గ్రీకుల్నే చంపుకున్న అంతర్యుద్ధం మొదలైంది. 1946 నుంచి 1949 దాకా సాగింది. ప్రభుత్వ సైన్యం ఒకవైపు, కమ్యూనిస్టుల ప్రజాతంత్ర సైన్యం ఇంకోవైపు. ప్రభుత్వం వెనక మొదట బ్రిటన్, తర్వాత అమెరికా నిలిచాయి.

మిర్కా గినోవా అని ఒక పంతులమ్మ ఉండేది. 1916లో వోదెన్ ప్రాంతంలో ఓ చిన్న పల్లెలో పుట్టింది. పసిపిల్లలకి చదువు చెప్పే శిక్షణ పొందింది. ఆక్రమణ కాలంలో ప్రతిఘటనలో పనిచేసింది. యుద్ధం అయ్యాక ఊరూరా తిరిగి ఆడవాళ్లని కూడగట్టింది. 1946 జూలైలో పట్టుబడింది. సైనిక కోర్టు విచారించింది. అదే నెల 26న యానిత్స దగ్గర మరికొందరితో పాటు ఆమెని కాల్చి చంపారు. అప్పటికి ఆమె వయసు ముప్ఫై. ఆ యుద్ధకాలంలో రాజకీయ కారణాలతో మరణశిక్ష పడి ప్రాణం పోగొట్టుకున్న మొదటి స్త్రీ ఆమే అంటారు. గ్రీకులు ఆమెని ఇరీనీ గినీ అంటారు. చచ్చిపోయాక కూడా రెండు పేర్లే!

మిర్కా ఒక్కతే కాదు. కమ్యూనిస్టు సైన్యంలో చివరికొచ్చేసరికి ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు ఆడవాళ్లు. ఇష్టపడి వెళ్లినవాళ్లున్నారు, బలవంతంగా తీసుకుపోతే వెళ్లినవాళ్లూ ఉన్నారు. తుపాకీ పట్టనివాళ్లు కందకాలు తవ్వారు. గాయపడినవాళ్లని స్ట్రెచర్లమీద కొండలు దింపారు. వాళ్లకి రొట్టెలు కాల్చారు. మగవాళ్లలో చాలామంది అప్పటికే ఊళ్లో లేరు. కొందరు యుద్ధంలో, కొందరు జైల్లో. ఇంకా కొందరు అంతకుముందే కూలి కోసం కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా వెళ్లిపోయారు. అలా పొట్ట చేతపట్టుకుని దేశంగాని దేశం పోవడాన్ని వాళ్లు "పెచల్బా" అంటారు. మన నిజామాబాద్, కరీంనగర్, కోనసీమ ఊళ్లనుంచి గల్ఫ్‌కి వెళ్లినట్టే. కాబట్టి విమానాలు బాంబులు వేసే వేళకి ఆ ఇళ్లలో మిగిలింది ఎవరు? ముసలివాళ్లు, తల్లులు, పిల్లలు.

పిల్లల్ని పంపేద్దామన్నారు

1948 మార్చి మొదట్లో కమ్యూనిస్టుల తాత్కాలిక ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. యుద్ధం జరిగే ఊళ్లనుంచి పిల్లల్ని సురక్షిత దేశాలకి పంపిస్తామని. ఊరూరా కార్యకర్తలు తిరిగారు. తల్లులతో మాట్లాడారు. పేర్లు రాసుకున్నారు.

మీరే ఆ తల్లి స్థానంలో ఉంటే ఏం చేస్తారు? పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని బాంబు పడేదాకా కూర్చుంటారా? ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతుల్లో పెట్టి సరిహద్దు దాటిస్తారా? ఆ ఊళ్లలో తల్లులంతా ఒకేలా జవాబు చెప్పలేదు. కొందరు గుండె రాయి చేసుకుని తామే పంపించారు. కొందరు మాట కాదంటే ఏమవుతుందోనన్న భయంతో పంపారు. కొందరు పిల్లల్ని గడ్డివాముల్లో, బంధువుల ఇళ్లలో దాచిపెట్టారు. పెద్దవాణ్ని పంపి పాలు తాగే చిన్నదాన్ని దగ్గరుంచుకున్నవాళ్లున్నారు. ఆ తేడా వల్ల ఒక కడుపున పుట్టిన పిల్లలే రెండు ప్రపంచాల్లో పెరిగారు.

పిల్లల్ని గుంపులుగా విడగొట్టారు. గుంపుకి ఇరవై, పాతికమంది. ఒక్కో గుంపుకి ఒక స్త్రీని తోడిచ్చారు. ఆమె పేరు "మాయ్కా". అంటే అమ్మ. మన హిందీలో పుట్టింటిని "మాయికా" అంటారు కదా, ఆ మాట వినగానే నాకు అదే తట్టింది. ఆ పిల్లలకి ఆపైన పుట్టిల్లంటూ మిగిలింది కూడా ఆ మాయ్కానే.

ఎవరీ మాయ్కాలు? ఎక్కువమంది ఆ ఊళ్ల యువతులే. భర్త యుద్ధంలో పోయిన పడుచు విధవలు, ఇంకా పెళ్లికాని ఆడపిల్లలు, సొంత పిల్లలు ఒకరిద్దరు కూడా ఆ గుంపులోనే ఉన్న తల్లులు. చాలామంది పక్క జిల్లా కూడా చూసినవాళ్లు కాదు. అలాంటిదాన్ని పట్టుకుని పాతికమంది పిల్లల్ని రాత్రిపూట కొండలు దాటించి ఇంకో దేశం చేర్చమన్నారు!

పగలు నడవడానికి లేదు. విమానాలు తిరుగుతుంటాయి. అడవుల్లో, గుహల్లో, పాడుబడ్డ గుడిసెల్లో దాక్కోవాలి. చీకటి పడ్డాక నడక. మార్చి నెలైనా కొండలమీద మంచు కరగలేదు. పసివాళ్లని గాడిదల మీద, కంచరగాడిదల మీద గంపల్లో కూర్చోబెట్టారు. పదేళ్లవాళ్లు మూడేళ్ల తమ్ముణ్ని వీపున కట్టుకుని నడిచారు. దగ్గు వస్తే నోరు మూశారు. ఏడుపు వస్తే కళ్లు మూశారు. కాళ్లకి ఉన్న తోలుముక్కల చెప్పులు ఊడిపోతే ఉత్త కాళ్లతో నడిచారు. చాలామంది ప్రెస్పా సరస్సు పక్కనుంచి యుగోస్లావియా వైపున్న దుపేని, లుబొయ్నో పల్లెలకి చేరారు. అక్కడి ఆడవాళ్లు తలుపులు తీశారు. వాళ్లదీ ఇదే భాష. 1913లో గీసిన గీతకి అవతల పడ్డ అక్కచెల్లెళ్లే కదా వాళ్లు.

దారిలో ఒక్కో పిల్ల ఒక్కో ప్రశ్న. అమ్మ ఎప్పుడొస్తుంది? ఇంకెంత దూరం? మాయ్కాల దగ్గర దానికి సమాధానం లేదు. రేపు అనేవారు. మర్నాడు మళ్లీ రేపు.

రైలంటే భయం, సబ్బంటే భయం

సరిహద్దు దాటాక బిటోలా లాంటి స్టేషన్లలో సామాను రైలు పెట్టెలు ఎక్కించారు. ఆ పిల్లల్లో చాలామంది రైలు చూడటం అదే మొదలు. అది నిప్పు కక్కే జంతువనుకుని జడుసుకున్నవాళ్లు, సొరంగంలోకి వెళ్లగానే ఇక చచ్చిపోయామని కేకలు పెట్టినవాళ్లు తర్వాత పెద్దయ్యాక ఆ సంగతులు చెప్పి నవ్వుకున్నారు.

కానీ చాలామంది నవ్వుతూ చెప్పలేకపోయింది ఆ తర్వాతి సంగతి. చేరిన చోట ముందు పేలు, జబ్బులు అంటకుండా అందరికీ గుండ్లు గీశారు. ఒంటిమీద మందు పొడి చల్లి స్నానాలు చేయించారు. ఇంటినుంచి కట్టుకొచ్చిన బట్టలన్నీ కుప్పపోసి తగలబెట్టారు. ఆరోగ్యం కోసమే, తప్పేం లేదు. అయితే ఆ కుప్పలో అమ్మ నేసిన కంబళి ఉంది. అమ్మ అల్లిన మేజోళ్లున్నాయి. అందరికీ ఒకేలా గుండు, ఒకేలా బట్టలు వేసేసరికి పక్కనున్న చెల్లెల్ని అన్న గుర్తుపట్టలేకపోయాడు.

ఆపైన పంపకాలు. కొందరు యుగోస్లావియాలోనే బేలా ఛ్ర్క్వా లాంటి చోట్ల పిల్లల నిలయాల్లో ఉండిపోయారు. మిగతావాళ్లు రుమేనియా, హంగరీ, చెకొస్లొవేకియా, పోలండ్, బల్గేరియా... తర్వాత కొందరు తూర్పు జర్మనీ. వయసుల వారీగా విడగొట్టేసరికి ఇంటినుంచి చేయి పట్టుకుని వచ్చిన అన్నాచెల్లెళ్లు కొన్నిచోట్ల వేరు వేరు ఊళ్లలో, వేరు వేరు దేశాల్లో పడ్డారు. "చెల్లిని వదలకు" అన్న అమ్మ మాట నిలబెట్టుకోలేకపోయానే అన్న దిగులు కొందరిని ముసలితనం దాకా వదల్లేదు.

ఇంకోవైపు కూడా చూడాలి. పిల్లల్ని పెట్టింది చాలాచోట్ల పాత జమీందారుల భవనాల్లో, వేడినీటి బుగ్గల ఊళ్లలోని హోటళ్లలో. తెల్ల దుప్పట్లు, వేళకి భోజనం, పళ్లు తోముకునే బ్రష్షు, డాక్టరు. టూత్‌పేస్టు తియ్యగా ఉందని తినేసినవాళ్లున్నారట. ఆ దేశాలు కూడా యుద్ధంలో చితికిపోయి అప్పుడే లేస్తున్నాయి. అయినా పెట్టాయి. అక్కడి ఆయాలు, పంతులమ్మలు పిల్లల్ని దగ్గరికి తీశారు. అన్నిటికంటే పెద్ద విశేషం బడి. ఆ దేశపు భాష, రష్యన్, గ్రీకుతో పాటు మాసిడోనియన్ కూడా నేర్పారు. మాసిడోనియన్ భాషకి లిపి ఖరారైందే 1945లో. ఇంటి దగ్గర గుసగుసగా మాట్లాడిన మాటల్ని ఇక్కడ నల్లబల్ల మీద సుద్దతో రాశారు. ఇంట్లో ఉంటే గొర్రెలు కాసుకునేవాళ్లలో ఎందరో ఇంజనీర్లు, డాక్టర్లు, టీచర్లు అయ్యారు. ముఖ్యంగా ఆడపిల్లలు. పదిహేనేళ్లకి పెళ్లయిపోవాల్సినవాళ్లు యూనివర్సిటీలకి వెళ్లారు. ఇంత చదువూ అమ్మని పోగొట్టుకున్నందుకు వచ్చిందని వాళ్లకి తెలుసు. ఆ రెండింటినీ ఏ త్రాసులో తూచగలం?

మాయ్కాల సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. రాత్రి పక్క తడిపినవాళ్లకి గుడ్డలు మార్చి, జ్వరం వచ్చినవాళ్ల పక్కన కూర్చుని, పేలు తీసి, చిరుగులు కుట్టి, పాటలు పాడి నిద్రపుచ్చింది వాళ్లే. చదువులేని వాళ్లు కొందరు తాము పెంచే పిల్లల పక్కన కూర్చునే అక్షరాలు దిద్దుకున్నారు. అంతలో పార్టీ నుంచి కబురొచ్చేది. సైన్యంలో మనుషులు తగ్గిపోతున్నారు, రమ్మని. 1949లో మాయ్కాల్లో కొందరినీ, వాళ్లతో పాటు పదిహేను, పదహారేళ్లు వచ్చిన పిల్లల్నీ తిరిగి యుద్ధానికి తీసుకుపోయారు. వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ప్రాణం కాపాడటానికని తీసుకెళ్లిన పిల్లల చేతికే తుపాకీ ఇచ్చి వెనక్కి పంపడం... ఈ కథ మొత్తంలో కమ్యూనిస్టు నాయకుల్ని క్షమించలేని చోటు ఏదైనా ఉంటే అది ఇదే అనిపిస్తుంది.

రాణిగారి ఊళ్లు

ప్రభుత్వం వైపున్నవాళ్లు దీన్ని పిల్లల అపహరణ అన్నారు. "పెదోమజోమా" అని పేరు పెట్టారు. ఒకప్పుడు టర్కీ సుల్తానులు క్రైస్తవ పిల్లల్ని పట్టుకుపోయి తమ సైన్యంలో పెంచుకునేవారు. ఆ పాత పేరే దీనికీ అంటించారు. విషయం ఐక్యరాజ్యసమితికి వెళ్లింది. పిల్లల్ని తల్లిదండ్రులకి అప్పగించాలని 1948 నవంబర్‌లో అక్కడ తీర్మానం చేశారు. ఆచరణలో ఇల్లు చేరింది కొన్ని వందలమందే. ఎలా చేరతారు? అడిగే తండ్రి జైల్లో ఉన్నాడు, తల్లి కొండల్లో ఉంది, ఇల్లు కాలిపోయింది.

అదే సమయంలో గ్రీసు రాణి ఫ్రెడరికా కూడా యుద్ధప్రాంతాల పిల్లల కోసం యాభైకి పైగా నిలయాలు తెరిపించింది. "పిల్లల ఊళ్లు" అనేవారు. వాటిలో సుమారు 18 వేలమంది ఉన్నారు. అక్కడా తిండికీ చదువుకీ లోటు లేదు. అక్కడా పాఠాలతో పాటు భక్తి నేర్పారు. తూర్పున స్టాలిన్ బొమ్మకి, ఇక్కడ రాణిగారి బొమ్మకి! ఒకే ఊరి పిల్లలు, ఒక్కోసారి ఒకే ఇంటి పిల్లలు అటు కొందరు, ఇటు కొందరు. లోరింగ్ డాన్‌ఫర్త్, రీకీ వాన్ బూషోటెన్ అనే ఇద్దరు పరిశోధకులు రెండువైపుల పెరిగినవాళ్లనీ కలుసుకుని 2012లో ఒక పుస్తకం వెలువరించారు. అపహరణ అన్న మాటా, రక్షణ అన్న మాటా రెండూ ఆ పిల్లల అనుభవానికి పూర్తిగా సరిపోవని అది చదివితే అర్థమవుతుంది.

ఒక ఇల్లు, మూడు ఖండాలు

1948 వేసవిలో టిటోకీ స్టాలిన్‌కీ చెడింది. గ్రీకు కమ్యూనిస్టులు స్టాలిన్ పక్షం వహించారు. మరుసటేడు టిటో సరిహద్దు మూసేశాడు. 1949 ఆగస్టులో విచి, గ్రామోస్ కొండలమీద చివరి పోరాటం. అమెరికా ఇచ్చిన విమానాలు నేపామ్ కురిపించాయి. ఆ పేరు మనం వియత్నాం యుద్ధంలో విన్నాం. అంతకు చాలా ముందే ఈ కొండలు దాని మంట చూశాయి. ఆ నెలాఖరుకి అంతా అయిపోయింది. మిగిలినవాళ్లు అల్బేనియాలోకి పారిపోయారు. అక్కణ్నుంచి వేలమందిని ఓడల్లో ఎక్కించి సోవియట్ యూనియన్ తీసుకెళ్లారు. ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్‌లో దింపారు. మన లాల్ బహదూర్ శాస్త్రిగారు చనిపోయిన ఊరే.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. నాన్న ఎప్పుడో టొరంటోకి కూలికి వెళ్లాడు. అమ్మ తాష్కెంట్‌లో ఫ్యాక్టరీలో. కొడుకు పోలండ్‌లో, కూతురు రుమేనియాలో. నాయనమ్మ ఒక్కతే ఊళ్లో, పెంకులు రాలిన ఇంట్లో. ఇది కల్పన కాదు, ఇంచుమించు ఇలాంటి కుటుంబాలు వందలకొద్దీ ఉన్నాయి. ఒకరి అడ్రసు ఒకరికి తెలియడానికే ఏళ్లు పట్టింది. రెడ్‌క్రాస్ ద్వారా ఉత్తరాలు, ఫోటోలు నడిచాయి. 1950లలో కొందరు పిల్లలు కెనడా, ఆస్ట్రేలియాలలోని తండ్రుల దగ్గరికి చేరారు. విమానం దిగితే ఎదురొచ్చిన మనిషి ఎవరో తెలియదు. ఆయన మాట్లాడేది మాసిడోనియన్, పిల్ల మాట్లాడేది హంగేరియన్. అమ్మ కనిపించగానే "అత్తా" అన్నవాళ్లు, నా అమ్మ మాయ్కానే అని వెనక్కి తిరిగినవాళ్లు ఉన్నారు. ఆ క్షణంలో ఆ కన్నతల్లి మనసు ఎలా ఉండుంటుందో...

చాలామంది కాలక్రమేణా యుగోస్లావియాలోని మాసిడోనియాకే వచ్చి స్కోపియే, బిటోలా ఊళ్లలో స్థిరపడ్డారు. అక్కడ కొత్త ఇళ్లు కట్టుకుంటే 1963 జూలై 26న భూకంపం వచ్చి స్కోపియేని కూల్చింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొందరికి అది జీవితంలో రెండో ఇల్లు పోవడం.

పాస్‌పోర్టులో పుట్టిన ఊరు

మరి సొంత ఊరికి? అక్కడే ఉంది అసలు ముడి. దేశం విడిచి వెళ్లి వ్యతిరేకంగా పనిచేశారని వేలమంది పౌరసత్వం రద్దు చేసింది గ్రీసు. పొలాలు, ఇళ్లు ఇతరులకి వెళ్లాయి. 1982 డిసెంబర్‌లో గ్రీసు ప్రభుత్వం అంతర్యుద్ధపు శరణార్థులు తిరిగి రావచ్చని ఉత్తర్వు ఇచ్చింది. అందరూ సంతోషించేలోపే అందులో ఒక మాట కనిపించింది. "జాతిరీత్యా గ్రీకులైనవారు" మాత్రమే రావచ్చు! ఒకే రాత్రి, ఒకే దారిలో, ఒకే మాయ్కా కొంగు పట్టుకుని నడిచిన ఇద్దరు పిల్లల్లో గ్రీకు పిల్లకి తలుపు తెరుచుకుంది. మాసిడోనియన్ పిల్లకి లేదు.

ఇల్లు ఇవ్వకపోతే పోనీ. చుట్టపుచూపుగానైనా వెళ్లనివ్వాలి కదా? పాస్‌పోర్టులో పుట్టిన ఊరు పాతపేరుతో రాసి ఉంటే సరిహద్దులోనే ఆపేసేవారు. కెనడా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టులున్నా అంతే. తల్లి పోయిందని కబురొస్తే అంత్యక్రియలకి బయల్దేరి గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చినవాళ్లున్నారు. 1994లో మానవహక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ ఈ సంగతులన్నీ ఒక నివేదికలో రాసింది.

1988లో, అంటే సరిగ్గా నలభై ఏళ్లకి, ఈ పిల్లలంతా స్కోపియేలో మొదటిసారి ప్రపంచ సమావేశం పెట్టుకున్నారు. అప్పటికి వాళ్లు పిల్లలు కారు, నలభైల్లో, యాభైల్లో ఉన్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఒక గదిలో పక్కపక్క మంచాలమీద పెరిగి మళ్లీ చూసుకోనివాళ్లు ఒకరి మొహం ఒకరు తడుముకున్నారు. పదేళ్ల తర్వాత 1998లో రెండో సమావేశం. అప్పుడు చాలామంది ఊళ్లు చూసొద్దామని సరిహద్దుకి బయల్దేరారు. ఎందరినో తిప్పి పంపేశారు. 2003 వేసవిలో గ్రీసు కొద్దికాలంపాటు, కొద్దిరోజుల రాకపోకలకి గేటు తెరిచింది. కొందరు వెళ్లగలిగారు. ఇంటి గోడలు కూలినా పెరట్లో వాల్‌నట్ చెట్టు ఉంటే దాని కింద కూర్చుని వచ్చారు. పాత పేర్ల గొడవతో అప్పుడు కూడా కొందరు వెనక్కి తిరిగారు.

ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల ఊసు ఎత్తితే ఇంకొకటి చెప్పాలి. 1999లో కొసావోలో యుద్ధం వచ్చినప్పుడు ఇరవై లక్షల జనాభా ఉన్న మాసిడోనియాకి మూడు లక్షలమందికి పైగా అల్బేనియన్ శరణార్థులు కొన్ని వారాల్లో వచ్చిపడ్డారు. బ్లాత్సే సరిహద్దులో వేలమంది బురదలో నిలబడిపోయారు. ప్రభుత్వం భయపడి గేట్లు మూసిన రోజులున్నాయి, తెరిచిన రోజులున్నాయి. ఎన్నో కుటుంబాలు తమ ఇళ్లలో చోటిచ్చాయి. ఇచ్చినవాళ్లలో అల్బేనియన్లే ఎక్కువ.

చివరగా ఆ పేరు తగవు. "మాసిడోనియా" అన్న పేరు మాది, అది మీ దేశానికి పెట్టుకోవద్దని గ్రీసు 1991 నుంచి పట్టుబట్టింది. ఇరవై ఏడేళ్ల తర్వాత 2018 జూన్ 17న ఇద్దరు ప్రధానుల సమక్షంలో విదేశాంగ మంత్రులు ఒప్పందం మీద సంతకాలు చేశారు. దేశం పేరు ఉత్తర మాసిడోనియా అయింది. వాళ్ల భాష పేరు మాసిడోనియన్ అని గ్రీసు కాగితం మీద ఒప్పుకుంది. రెండు దేశాల్లోనూ వ్యతిరేకించినవాళ్లు వీధుల్లోకి వచ్చారు. ఒప్పందంలో 1948 పిల్లల ఇళ్ల గురించి గానీ, పౌరసత్వం గురించి గానీ ఒక్క ముక్క లేదు.

ఆ సంతకాలు జరిగిన చోటు ప్రెస్పా సరస్సు ఒడ్డున ఒక చిన్న జాలరిపల్లె. గ్రీకులో దాని పేరు ప్సరాదెస్. ఆ ఊళ్లో పుట్టినవాళ్లు నివిత్సి అంటారు. ఆ సంతకాలకి డెబ్భై ఏళ్ల ముందు కంబళి మూటలతో, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, చప్పుడు చేయకుండా పిల్లలు దాటి వెళ్లింది ఆ సరస్సు పక్కనుంచే.